మూటల మీద గుర్తు

మార్చి 3, సోమవారం, హిందూపురం

'కథలసంత' యాప్ నుంచి ఫోన్ వచ్చింది. నితిన్ అనే అబ్బాయి, మాటకు ముందొక మేడమ్, వెనకొక మేడమ్. నా 'శెట్టెమ్మ అంగడి' ధారావాహికను ఆడియోగా తీస్తున్నారట. ఉగాది రోజు విడుదల. నటీనటులు, సంగీతం అన్నీ ఉంటాయట.

అప్పుడు నేను పెయింటు డబ్బాల మధ్య నిలబడి ఉన్నాను. మా ఆయన సురేంద్ర భోజనానికి ఇంటికి పోతే అంగడి నేను చూసుకుంటాను. నా రాతంతా ఆ కాస్త సమయంలోనే, గల్లాపెట్టె పక్కన, ఫోన్‌లోనే. నాలుగేళ్ళుగా ఇదే పద్ధతి. ఫోన్ పెట్టేశాక ఒకాయన వార్నిష్ అడిగితే ప్రైమర్ ఇచ్చి పంపాను. ఆయన వెనక్కి రాకుండా ఉంటే బాగుండు.

సురేంద్ర మొదట నమ్మలేదు. నమ్మాక మైసూరుపాకు తెప్పించి వీధిలో అన్ని అంగళ్ళకూ పంచాడు. మా పెళ్ళిలో కూడా ఇంత ఉత్సాహం చూపలేదు ఈ మనిషి.

ఒక్కటే సందేహం. చివరి రెండు భాగాలు నేనింకా యాప్‌లో పెట్టనే లేదు. నీలావతి అత్తకు చదివి వినిపించాకే పెడతానని మాటిచ్చాను. ఆమె మా నాయన చెల్లెలు. పెనుకొండలో ఒంటరిగా ఉంటుంది. శెట్టెమ్మ అంటే ఆమే. పేరూ ఊరూ మార్చాను కాబట్టి ఆ సంగతి మా ఇద్దరికీ, సురేంద్రకూ తప్ప ఇంకో మనిషికి తెలియదు. ముగింపు లేకుండా ఆడియో ఎలా పూర్తి చేశారని నితిన్‌ను అడిగితే, అది తమ రచనా బృందం చూసుకుందన్నాడు.

చూసుకుంది అంటే ఏమిటో రేపు అడగాలి.

మార్చి 4

స్క్రిప్టు పంపమన్నాను. పంపుతానన్నాడు. యాప్‌లో ఎంతమంది చదివారో చూసుకోవడం మానేశాను. ఈరోజు రెండుసార్లే చూశాను.

మార్చి 6, గురువారం

స్క్రిప్టు వచ్చింది. చివరి భాగం చదివి ఫోన్‌ను గల్లాపెట్టెలో పెట్టి తాళం వేశాను, చేతిలో ఉంటే నేలకేసి కొడతానేమోనని.

అసలు జరిగింది ఇక్కడొకసారి రాసి పెట్టుకుంటాను. లేకపోతే వాళ్ళు రాసిందే నిజమేమో అనిపించేలా ఉంది. అత్త పెళ్ళయిన మూడో ఏట మామ చెప్పాపెట్టకుండా బెంగళూరుకు పోయాడు. అత్త పెనుకొండలో చింతపండు అంగడి పెట్టుకుని బతికింది. ఎన్నో ఏళ్ళకు, జుట్టంతా నెరిశాక, ఒక మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చాడు. అత్త ఇంటి ముందు పంచలో ఆకు వేసి అన్నం పెట్టింది. గడప దాటనివ్వలేదు. తిన్నాక బస్టాండు దాకా తోడు పోయి బస్సెక్కించింది. తిరిగొచ్చి అంగడి తెరిచింది. అంతే.

ఈ సంగతి మా నాయనకు కూడా తెలియదు. చెల్లెలి మొగుడు ఏనాటికైనా వస్తాడని, ఆమె కాపురం నిలబడుతుందని ఆయన ఈనాటికీ కదిరి నరసింహస్వామికి మొక్కుతూనే ఉంటాడు.

ఇక వాళ్ళ స్క్రిప్టు. శెట్టెమ్మ మొగుడి కాళ్ళ మీద పడుతుంది. ఆ కాళ్ళు కడుగుతుంది. 'మీరు లేని అంగడి నాకెందుకండీ' అంటుంది. అంగడికి తాళం వేసి తాళంచెవి ఆయన చేతిలో పెడుతుంది. వెనక వీణ.

నేను రాసిన ముగింపులో నేను కలిపిందంటూ ఏమీ లేదు. బస్సు కదిలాక ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం ఒక్కటి. కథ అన్నాక ఆ మాత్రం ఉండాలి.

మార్చి 7, శుక్రవారం

నితిన్‌తో మాట్లాడాను. మాట్లాడానంటే అరిచాను. ఆ అబ్బాయి మాత్రం మర్యాద తప్పలేదు.

"శ్రోతలు కోరుకునేది కుటుంబం కలవడమే మేడమ్. మార్పులు చేసే హక్కు మాకు నిబంధనల్లోనే ఉంది. పోటీలో చేరేటప్పుడు మీరు అంగీకరించారు కదా."

అంగీకరించాను. నిరుడు మహిళల ధారావాహికల పోటీ పెట్టినప్పుడు 'అంగీకరిస్తున్నాను' అన్న చోట నొక్కాను. పైన ఏముందో చూడలేదు. ఎందుకు చూడలేదో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది.

మాది చింతపండు మండీ ఇల్లు. నల్లచెరువు నుంచి, కనగానపల్లి నుంచి రైతులు నాయన మండీలో మూటలు దింపి పోతారు. ప్రతి మూట మీదా ఎర్ర రంగుతో రైతు గుర్తు ఉంటుంది. మండీవాడు అమ్మిపెడతాడు, కమీషన్ తీసుకుంటాడు. రేటు నచ్చకపోతే రైతు తన గుర్తు చూసుకుని మూటలు మళ్ళీ బండికెత్తుకుని పోతాడు. అడ్డం చెప్పేవాడు ఉండడు. నాయన పుట్టి బుద్ధెరిగాక ఒక్క మూటను పట్టుకుని 'ఇది నాది' అనలేదు.

కథలసంత కూడా అలాంటిదే అనుకున్నాను. పేరులోనే సంత పెట్టుకున్నారాయె. నా మూటలు దింపాను, అమ్మిపెడతారు, నచ్చకపోతే ఎత్తుకుపోతాను. మండీ షరతులు మండీ ఇంటి ఆడపిల్లకు ఎవరైనా చదివి చెప్పాలా? ఇంకో ఇంటిపిల్ల అయితే భయపడి ఒకసారి చదివేదేమో.

మార్చి 8

ధారావాహికను తీసేద్దామని పోయాను. 'తొలగించు' అనే మాట ఉంది. నొక్కితే, 'ఇది ప్రత్యేక పథకంలో ఉంది, తొలగించడం కుదరదు' అంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇక్కడ ఆకులు కూడా వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

రేపు పెనుకొండ పోతాను. అత్తకు అన్నీ చెప్పేస్తాను.

మార్చి 9, ఆదివారం

పెనుకొండ పోయొచ్చాను. అత్త కొత్త చింతకాయలు కొట్టి గింజలు తీస్తోంది. నేనూ కూర్చుని తీశాను. కథ ఎందాక వచ్చిందని అడిగింది. చివరికొచ్చిందన్నాను. చదువు మరి అంది. ఫోన్‌లో చార్జింగ్ లేదన్నాను.

చెప్పకపోవడమే మంచిదైంది. ఆమెకు బీపీ. పైగా కంటికి శుక్లం, వచ్చే నెల ఆపరేషన్. ఇప్పుడు మనసు పాడు చేయడం దేనికి. వచ్చే ఆదివారం చెప్తాను.

మార్చి 11

యాప్ వాళ్ళు పోస్టరు పంపారు. ఎర్ర చీర కట్టిన ఒక ఆమె గడప మీద నిలబడి ఉంది. పైన 'మూలకథ: కీర్తన' అని నా పేరు, బంగారు రంగులో.

ముగింపులో ఏముందిలే అన్నాడు సురేంద్ర. నలభై భాగాలు నీవే కదా, చివరొక్కటే కదా వాళ్ళు మార్చింది, అత్తకు యాప్ అంటే ఏమిటో కూడా తెలియదు కదా అన్నాడు. అన్నీ నిజమే.

మార్చి 12

పోస్టరు బాగానే ఉంది. ఎర్ర చీర మాత్రం అత్త కట్టదు.

మార్చి 13, గురువారం, ధర్మవరం నుంచి వస్తూ రైల్లో

పొద్దున లేచేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది. పేరు బంగారు రంగులో వేస్తే అత్త చేతిలోని తాళంచెవి లాక్కుని ఇంకొకడికి ఇచ్చేస్తానా నేను? అంగడి సురేంద్రకు వదిలేసి ధర్మవరం రైలెక్కాను. నాగజ్యోతి అక్కడ వకీలు. డిగ్రీలో నా పక్క బెంచీ. రైలు పెనుకొండలో ఆగినప్పుడు దిగిపోయి ముందు అత్తకు చెబుదామా అనిపించింది. దిగలేదు.

నాగజ్యోతి ఆఫీసు పట్టుచీరల అంగడి పైన ఒక చిన్న గది. టీ తెప్పించి, నా ఫోన్ తీసుకుని, కథలసంత షరతులు మొదటి అక్షరం నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. మధ్యలో క్లయింటు ఒకాయన వచ్చి ఏదో కేసు వాదిస్తున్నారనుకుని తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

మొదటి షరతు ఎంత తీపిగా ఉందో. 'మీ రచన మీద కాపీరైటు ఎప్పటికీ మీదే.' నేనెప్పుడైనా చూశానంటే ఆ ఒక్క వాక్యమే చూసి ఉంటాను. దాని కింద ఉంది అసలు సంగతి. ఆ రచనను ప్రపంచంలో ఎక్కడైనా, ఏ రూపంలోనైనా వాడుకోవడానికి, మార్చుకోవడానికి, ఇంకొకరికి ఇవ్వడానికి వాళ్ళకు నేను అనుమతి ఇచ్చాను. పోటీలో చేరాను కాబట్టి ఆ అనుమతి వాళ్ళొక్కరికే. అంటే నేను కూడా ఇంకో చోట వేసుకోవడానికి లేదు. వెనక్కి తీసుకోవడానికి అంతకన్నా లేదు. ఇల్లు నీదే, తాళాలన్నీ మా దగ్గరే అన్నట్టు.

"రచయిత ఆపేసిన కథను మేమే పూర్తి చేసుకోవచ్చు అని కూడా ఉండాది మే," అంది నాగజ్యోతి. "నువ్వు చివరి భాగాలు ఆపి పెట్టింది వాళ్ళకు ఇంకా అనుకూలమైంది."

షరతులు ఎప్పుడైనా మార్చుకోవచ్చట. మార్చాక కూడా మనం యాప్ వాడుతూ ఉంటే ఒప్పుకున్నట్టేనట. మార్చినప్పుడల్లా మెయిల్ పంపారు కూడా. పండగ డిస్కౌంట్లనుకుని చూడకుండా పడేసినవన్నీ అవే. తగాదా వస్తే వాళ్ళ ఊళ్ళో, వాళ్ళు పెట్టిన మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలి.

చట్టంలో నాకు దిక్కే లేదా అన్నాను. ఉంది అంది. హక్కులు రాసిచ్చినా సరే, తన రచనను వికృతం చేసి పేరు చెడగొడితే రచయిత అడ్డుకోవచ్చట. పోరాడొచ్చు, గెలవొచ్చు కూడా, కానీ ఆ లోపల ఎన్ని ఉగాదులు పోతాయో చెప్పలేనంది. చెప్పి మళ్ళీ చదవడంలో పడింది. నేను టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఒకచోట ఆగింది. వెనక్కి పోయి మళ్ళీ చదివింది.

అది నేను వాళ్ళకిచ్చిన హామీ. బతికి ఉన్న మనుషుల సొంత జీవితాన్ని వాళ్ళు రాసి ఇచ్చిన అనుమతి లేకుండా ఈ రచనలో వాడలేదని నేను హామీ ఇచ్చానట. అలా వాడారని ఆ మనిషే ఫిర్యాదు చేస్తే యాప్ దాన్ని ఆపేయాలి. ఫిర్యాదు తీసుకునే అధికారి పేరు, చిరునామా షరతుల అట్టడుగున ఉన్నాయి.

"శెట్టెమ్మ నిజంగా ఎవరన్నా ఉండారా?" అంది.

చెప్పాను. నేను అత్త సంగతి బయటి మనిషికి చెప్పడం ఇదే మొదటిసారి.

నాగజ్యోతి వెంటనే సంతోషపడలేదు. అది రెండువైపులా పదునున్న కత్తి అంది. హామీ తప్పింది నేను. నా ఖాతా మూసేస్తారు, నష్టం వచ్చిందంటే అది నా నెత్తినే వేయొచ్చు. అన్నిటికన్నా ముందు, నేను ఫిర్యాదు చేస్తే చెల్లదు. అత్తే చేయాలి. ఆ కథ నాది, ఆ పంచ నాది అని ఆమె తన పేరుతో, తన చేత్తో రాయాలి. ఇంతకాలం అన్నకు కూడా చెప్పని మాటను కాగితం మీద పెట్టాలి.

ఆదివారం చెప్తాను. ఈ ఆదివారమే.

మార్చి 14

ఇంకో మూడు యాప్‌ల షరతులు చదివాను. కూర మాడింది. రెండు ఇలాంటివే. ఒకదాంట్లో మాత్రం, రచయిత ముందుగా రాసి తెలిపితే కథ వెనక్కి తీసుకోవచ్చు, ఆడియోకూ సినిమాకూ విడిగా ఒప్పందం రాసుకోవాలి అని ఉంది. అంటే అలా కూడా రాయొచ్చన్నమాట. రాయకపోవడం వీళ్ళ ఇష్టం. చదవకపోవడం నా ఖర్మ.

మార్చి 16, ఆదివారం

చెప్పాను.

పొద్దున బస్సులో మాటలన్నీ పేర్చుకుని పోయాను. అత్తను చూడగానే ఒక్కటీ గుర్తు లేదు. ఆమె ముందర చింతకాయల కుప్ప. అత్తా, నీ కథను పాడు చేస్తున్నారు, దానికి కారణం నేనే అన్నాను. చదువు అంది. వాళ్ళ స్క్రిప్టు చివరి భాగం చదివాను. కాయలు కొట్టడం ఆపలేదు. ఇంకోసారి చదవమంది. మళ్ళీ చదివాను. ఈసారి చేతిలో సుత్తి పక్కన పెట్టింది.

"తాళంచెవి కూడా ఇచ్చేసిందా?"

"ఇచ్చేసిందత్తా."

"నా అంగడి తాళంచెవి," అంది.

నేను అన్నీ చెప్పాను. షరతు ఉందనీ, ఆమె పేరుతో ఫిర్యాదు పోతే ఆగుతుందనీ, అది పోతే దాచిన సంగతి బయటపడుతుందనీ. నాయనకు తెలుస్తుందనీ. ఇంకొక భయం కూడా చెప్పుకున్నాను. నీ అనుమతి లేదని రాయాలి, నువ్వేమో నాతో రాసుకోమనే అన్నావు, అది అబద్ధమవుతుంది కదా అన్నాను.

"నీకు చెప్పినా. వాళ్ళకు చెప్పినానా?" అంది అత్త. "మీ నాయన మండీలో చూసినావు గదా. బండి తోలుకొచ్చినోడు ఎవురైనా కానీ, మూట మింద గుర్తు ఎవురిదో సరుకు వానిది. బండి నువ్వు తోలినావు అమ్మీ. గుర్తు నాది."

నాకు ఏడుపొచ్చింది. అత్త నా వైపు చూడలేదు. కుప్పలో ఒక కాయ తీసి, పెంకు ఒలుస్తూ మెల్లగా చెప్పింది. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"పెండ్లి మీ తాత జేసినాడు. వాడు ఇడిసిపెట్టి పోయింది వాని ఇష్టం. అంగడి కడుపు కోసరం పెట్టినా. ఆ పొద్దు వాన్ని పంచలో కూచోబెట్టి పంపించిందొక్కటే నా అంతట నేను చేసింది. దాన్ని మార్చేకి వాళ్ళెవురు?"

తర్వాత లేచి చేతులు కడుక్కుంది. రేపు హిందూపురం వస్తానంది. కాగితం కన్నా ముందు అన్నకు నా నోటితో చెప్పాలంది.

మార్చి 17, సోమవారం

నాయన వరండాలో పేపరు చూస్తున్నాడు. అత్త చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది. కూర్చుంటే చెప్పలేననుకుందేమో.

"అన్నా, ఆయప్ప వచ్చినాడు. శానా ఏండ్లయింది. నేనే పంపించేసినా."

నాయన పేపరు మడిచాడు. విప్పి మళ్ళీ మడిచాడు. ఎప్పుడు అనలేదు, ఎందుకు అనలేదు. కదిరి మొక్కులు ఆయనకు గుర్తొస్తున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"అన్నం పెట్టినావా?" అన్నాడు చివరికి.

"పెట్టినా. పంచలో."

"సరేలే నీలా," అన్నాడు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, చాలాసేపు తుడిచాడు. ఫిర్యాదు సంగతి నేను చెబితే, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నాడు. సాక్షి సంతకం తనదేనట.

మార్చి 18

నాగజ్యోతి రాసిన ఫిర్యాదు మీద అత్త తెలుగులో సంతకం చేసింది, సాక్షిగా నాయన చేశాడు. 'ఈ కథలోని స్త్రీని నేనే. ఇది నా జీవితం. దీన్ని వాడుకోవడానికి, మార్చడానికి మీకు నా అనుమతి లేదు.' మెయిల్ చేశాం, రిజిస్టర్ పోస్టు కూడా చేశాం. ఈ కథ మీద హక్కులన్నీ వదులుకుంటున్నట్టు వాళ్ళు రాతపూర్వకంగా తెలపాలని నాగజ్యోతి చివర ఒక వాక్యం పెట్టింది. అది లేకపోతే ఆడియో ఆగినా కథ వాళ్ళ బీరువాలోనే ఉంటుందట.

మార్చి 19

అందిందని జవాబు వచ్చింది.

మార్చి 21, శుక్రవారం

నితిన్ ఫోన్. ఈసారి మేడమ్‌లు తగ్గాయి. నాకు నేనే నష్టం చేసుకుంటున్నానన్నాడు. వెంటనే మెత్తబడి, ముగింపు నా ఇష్టప్రకారమే మారుస్తామన్నాడు. అత్త ఒక అనుమతి పత్రం మీద సంతకం పెడితే చాలట. ఉగాదికి విడుదల, బంగారు రంగు పేరు, అన్నీ ఉంటాయట. పత్రం మెయిల్‌లో వచ్చేసింది కూడా.

నాకు ఆశ పుట్టింది, దాచడం దేనికి. రెండు పక్షాలూ గెలిచే దారి ఇదే కదా అనుకున్నాను. సురేంద్ర అప్పుడే కారు తీసి పెనుకొండ పోదామన్నాడు. ఉండు అన్నాను. స్టూలు మీద కూర్చుని ఆ పత్రాన్ని మొదటి నుంచి గట్టిగా చదివాను, నాగజ్యోతి చదివినట్టే. వచ్చిన గిరాకీలను ఆయన చూసుకున్నాడు. రెండో పేజీలో దొరికింది. 'అవసరాన్ని బట్టి రూపంలోనూ కథాంశంలోనూ ఎప్పుడైనా మార్పులు చేసుకోవడానికి సమ్మతిస్తున్నాను.'

ఆ వాక్యం ఆయనకు రెండోసారి చదివి వినిపించాను. డబ్బా మూత బిగిస్తూ ఆగిపోయాడు.

"అంటే ఉగాదికి నువ్వు చెప్పినట్ల చేసి, మర్నాడు మళ్ళీ మార్చుకోవచ్చు కదా."

అవునన్నాను.

"వద్దులే అయితే. మైసూరుపాకు తిన్నోళ్ళకు నేను చెప్పుకుంటా."

ఈ మనిషిని కట్టుకున్నందుకు సంతోషించిన రోజులు కొన్ని ఉన్నాయి. ఈరోజు వాటిలో ఒకటి. నితిన్‌కు మెయిల్ పెట్టాను: నా అత్త సంతకం చేయదు, నేనూ చేయించను.

మార్చి 23, ఆదివారం

పెనుకొండ పోలేదు. చూపించడానికి చేతిలో ఏమీ లేదు.

మార్చి 24

జవాబు లేదు. నా కథలన్నీ యాప్ నుంచి కాపీ చేసి పెట్టుకున్నాను. అభిప్రాయాలు కాపీ కావు. తాడిమర్రి నుంచి ఒక టీచరమ్మ ప్రతి భాగానికీ రాసేది. 'మా బడిలో మధ్యాహ్న భోజనం పొయ్యి దగ్గర చదివాను' అని ఒకసారి, 'శెట్టెమ్మను మా ఇంటికి పంపండి' అని ఒకసారి. ఆమె అసలు పేరు నాకు తెలియదు. యాప్‌లో 'మల్లెతీగ' అని పెట్టుకుంది. నాలుగు స్క్రీన్‌షాట్లు తీసుకున్నాను.

మార్చి 25

లేదు.

మార్చి 27, గురువారం

వచ్చింది. ఆడియో ఆపేశారు. 'శెట్టెమ్మ అంగడి' మీద తమకు ఎలాంటి హక్కూ లేదనీ, ఉన్నవన్నీ వదులుకుంటున్నామనీ రాశారు. ఆ వాక్యాన్ని నాగజ్యోతికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది, చదివాను. "ఇది చాలు మే, భద్రంగా పెట్టుకో," అంది.

కింద రెండో పేరా. హామీ తప్పినందుకు నా ఖాతా శాశ్వతంగా మూసివేత. నిరుడు పోటీలో నాకొచ్చిన బహుమతి రద్దు. యాప్ తెరిచి చూస్తే నా పేరు లేదు. చిన్న కథలూ లేవు, చదివినవాళ్ళూ లేరు, మల్లెతీగా లేదు. నాలుగేళ్ళుగా రోజూ పోయిన వీధిలో నా ఇల్లు ఉన్నచోట ఏమీ లేకుండా పోయినట్టుంది. బాధగా ఉంది. అయినా మళ్ళీ అడిగితే ఇదే చేస్తాను.

మార్చి 30, ఉగాది, పెనుకొండ

అందరం అత్త ఇంట్లోనే చేసుకున్నాం. నాయన వచ్చాడు, సురేంద్ర వచ్చాడు. పచ్చడిలోకి అత్త కొట్టిన కొత్త చింతపండే. నాయన పంచలో కూర్చున్నాడు. భోజనానికి లోపలికి రమ్మంటే, ఇక్కడే పెట్టు నీలా అన్నాడు. అత్త అక్కడే ఆకు వేసింది.

తిన్నాక అత్త నన్ను కూర్చోబెట్టుకుని చదువు అంది. ఇన్నాళ్ళూ చార్జింగ్ లేదన్న చివరి రెండు భాగాలు చదివాను. అన్నం పెట్టడం, బస్టాండుకు నడవడం, బస్సెక్కించడం. అత్త కళ్ళు మూసుకుని వింటోంది. 'బస్సు మలుపు తిరిగేదాకా శెట్టెమ్మ చూస్తూనే ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి' అన్న చోటికి వచ్చాను.

"ఆ నీళ్ళు యాడివి?" అంది అత్త.

నేనే పెట్టానని చెప్పాను. కథ కదా అత్తా అన్నాను.

"నేను చూల్లేదు. అంగడి తెరిచే టైమైంది, వచ్చేసినా," అంది. కోపంగా అనలేదు. "వాళ్ళు తాళంచెవి ఇప్పించినారు. నువ్వు నీళ్ళు తెప్పించినావు," అంది.

నాగజ్యోతి రాసిచ్చిన అనుమతి పత్రం నా సంచిలోనే ఉంది. అత్త నాకిచ్చే అనుమతి అది, కథను నేను పుస్తకంగా వేసుకోవడానికి మాత్రమే. అత్తకు చదివి వినిపించకుండా ఒక్క మాట మార్చడానికి లేదని అందులో రాయించింది నేనే. సంతకం పెట్టమని దాన్ని బయటికి తీయడానికి సిగ్గేసింది. ముందు ఫోన్ తీసి, అత్త చూస్తుండగా ఆ రెండు వాక్యాలూ కొట్టేశాను. కొట్టేశాక ఆ భాగం ఇలా ముగిసింది: 'బస్సు కదిలింది. శెట్టెమ్మ వచ్చి అంగడి తెరిచింది.'

ఇంకోసారి చదవమంది. చదివాను.

పెన్ను ఇమ్మంది.